నూటికి ఎన్ని రూపాయల మిత్తి? జీతం 33,200, అప్పు 2,42,181: పది నెలల డైరీ

2024 జూలై నుంచి 2025 ఏప్రిల్ దాకా రాసుకున్న పద్దు ఇది. నాకు పాతికేళ్లు, మాది సూర్యాపేట జిల్లా, ఉండేది హైదరాబాద్ కేపీహెచ్‌బీలో ఒక హాస్టల్‌లో. చేతికొచ్చే జీతం 33,200. అప్పు ఎలా అయిందంటే అమీర్‌పేట కోచింగ్, లాప్‌టాప్, ఒక గిటారు, మిగతాది తిండీ తిరుగుడూ. దాని గురించి చెప్పుకోవడానికి ఏమీ లేదు. ఎక్కడ తప్పు చేశానో, ఏ లెక్క పని చేసిందో అదే రాస్తున్నా. రేట్లు, ఛార్జీలు నావి, మీ బ్యాంకులో వేరే ఉండొచ్చు.

దశ 0: కొలవడం (జూన్ చివరి వారం)

మొదట అప్పులన్నీ ఒక కాగితం మీద రాశాను. క్రెడిట్ కార్డు స్టేట్‌మెంట్‌లో ఏడాదికి 42 శాతం అని ఉంటుంది, పర్సనల్ లోన్ 18 శాతం, లోన్ యాప్ వాడు అసలు శాతమే చెప్పడు, ఊళ్లో ప్రామిసరీ నోటు "రెండు రూపాయల మిత్తి". ఇన్ని భాషల్లో ఉంటే ఏది ఎక్కువో తెలియదు. మా నాన్నకి ఫోన్‌లో 42 శాతం అని చెబితే "ఊ" అని ఊరుకున్నాడు. అదే "నూటికి నెలకు మూడున్నర" అనగానే "నీకేమన్నా మతి పోయిందారా" అన్నాడు. అప్పుడు తట్టింది, అన్నిటినీ నూటికి నెలకు ఎన్ని రూపాయలు అన్న లెక్కలోకి మార్చాలని.

మార్చే పద్ధతి:

1. ఏడాది శాతాన్ని 12తో భాగించండి. 18 శాతం అంటే రూపాయిన్నర.
2. కార్డు అయితే వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ కలపండి. 3.50 మీద 63 పైసలు, మొత్తం 4 రూపాయల 13 పైసలు.
3. ఈఎంఐ మాత్రమే తెలిసి రేటు తెలియకపోతే, ఎక్సెల్ లాంటి షీట్‌లో రేట్ (RATE) అనే ఫార్ములాలో వాయిదాల సంఖ్య, ఈఎంఐ, నిజంగా చేతికొచ్చిన డబ్బు వేయండి. ఈఎంఐకి ముందు మైనస్ పెట్టడం మర్చిపోతే తప్పు చూపిస్తుంది, నేను అరగంట అక్కడే కొట్టుకున్నా.

మూడోది యాప్ లోన్‌కి వాడాను. 15,000 అన్నాడు, ఫీజు 1,500, దాని మీద జీఎస్టీ 270 పట్టుకుని 13,230 ఇచ్చాడు, 2,900 చొప్పున ఆరు వాయిదాలు. ఫార్ములా చెప్పింది దాదాపు 8 రూపాయల 40 పైసలు! 2022 నుంచి ఉన్న ఆర్‌బీఐ రూల్స్ ప్రకారం ఇలాంటి లోన్‌కి ఫీజులన్నీ కలిపిన ఏడాది రేటు చూపించే కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ ఇవ్వాలి. నాకూ ఇచ్చారు, మెయిల్‌లో ఉంది, నేనే తెరవలేదు.

జూలై 1న పట్టీ:

- క్రెడిట్ కార్డు 84,600 (4.13)
- పర్సనల్ లోన్ 1,00,981, ఈఎంఐ 5,423, ఇంకా 22 వాయిదాలు (1.50)
- యాప్ లోన్ 11,600, అంటే నాలుగు వాయిదాలు
- ఊళ్లో ప్రామిసరీ నోటు 30,000 (2.00)
- స్నేహితుడి దగ్గర చేబదులు 15,000 (0)

మొత్తం: 2,42,181

తర్వాత ఖర్చు. ఏప్రిల్, మే, జూన్ బ్యాంక్ స్టేట్‌మెంట్ దింపి యూపీఐ లావాదేవీలు లెక్కపెట్టా. మొత్తం 412. అందులో 200 లోపువి 287, వాటి మొత్తం 21,930. నెలకు 7,310 రూపాయలు చాయ్, సమోసా, ఆటో, "నువ్వు కట్టెయ్ మామా నేను తర్వాత కొడతా" లాంటివాటికి పోయింది. ఆ తర్వాత కొట్టినవాడు లేడు.

దశ 1: జూలై. 7,300 కట్టాను, 48 రూపాయలు తగ్గింది

తప్పించుకోలేనివి ముందు తీశాను: హాస్టల్ 7,500 (భోజనంతో), ఈఎంఐ 5,423, యాప్ 2,900, నోటు మిత్తి 600, అమ్మకి 4,000, బస్సూ మెట్రో 1,600, రీచార్జ్ 349 (299గా ఉండేది, సరిగ్గా ఆ నెలే రేట్లు పెంచారు). కలిపి 22,372. మిగిలిన 10,828లో చేతిఖర్చుకి 3,500 ఉంచుకుని, 2వ తేదీనే కార్డుకి 7,300 కట్టేశా.

ఆ నెల స్టేట్‌మెంట్ ఇలా వచ్చింది:

84,600 − 7,300 + కొత్త కొనుగోళ్లు 3,940 + వడ్డీ, జీఎస్టీ 3,312 = 84,552

ఆ 3,940 ఎక్కడిదంటే, చేతిఖర్చు 3,500 పద్దెనిమిదో తేదీకే అయిపోయింది, ఫుడ్ యాప్‌లో కార్డు నంబర్ సేవ్ అయి ఉంది. 3,500, 3,940 కలిపితే 7,440, పాత మూడు నెలల సగటు కంటే ఇంకా 130 ఎక్కువే. ఖర్చు తగ్గలేదు, జేబు మారిందంతే.

ఇంకో దెబ్బ, చాలామందికి తెలియనిది. పాత బాకీ మిగిలి ఉన్నంతకాలం కార్డు మీద కొత్తగా కొన్నదానికి మామూలుగా వచ్చే 45 రోజుల వడ్డీ లేని గడువు ఉండదు. సమోసా కొన్న రోజు నుంచే 4 రూపాయల 13 పైసల మిత్తి.

మార్చినవి:

1. బ్యాంక్ యాప్‌లో కార్డు సెట్టింగ్స్‌కి వెళ్లి ఆన్‌లైన్, దుకాణాల్లో గీకడం, ట్యాప్ చేయడం మూడూ ఆపేశా. ఈ స్విచ్ బ్యాంకులన్నీ ఇవ్వాల్సిందే.
2. ఫుడ్ యాప్‌లు, షాపింగ్ యాప్‌లలో సేవ్ చేసిన కార్డు తీసేశా. స్విచ్ ఆపితే చాలదా అంటే, ఆకలేసినప్పుడు స్విచ్ ఆన్ చేయడం పది సెకన్ల పని, నంబర్ మొత్తం కొట్టడం విసుగు. నాకు విసుగే కావాలి.
3. ఓటీటీ ఆటోపేలు రెండూ రద్దు.

కార్డు కత్తిరించమని ఒకరన్నారు. కత్తిరించినా నంబర్ బతికే ఉంటుంది కాబట్టి అది డ్రామా తప్ప ఇంకేం కాదు.

జూలై చివర మొత్తం: 2,35,325

దశ 2: ఆగస్టు. కార్డు బాకీని ఈఎంఐగా మార్చడం

ఆగస్టు 3న కస్టమర్ కేర్‌కి ఫోన్ చేశా. అవతలి అమ్మాయి చాలా మర్యాదగా "నెలకు 1.25 శాతమే సార్, 18 నెలలు" అంది. సరే అనబోయి, ఈఎంఐ ఎంత అని అడిగా. 80,000కి 5,444. రేట్ ఫార్ములాలో వేస్తే 2 రూపాయల 23 పైసలు వచ్చింది. 1.25 అనేది ఫ్లాట్ రేటు, అంటే అసలు తగ్గుతున్నా చివరి నెలదాకా మొత్తం 80,000 మీదే వడ్డీ. తగ్గే బ్యాలెన్స్ మీద ఇవ్వరా అంటే "చెక్ చేసి చెప్తా సార్" అని నాలుగు నిమిషాలు పాట వినిపించి, ఏడాదికి 18 శాతం, ఈఎంఐ 5,104 అని తిరిగొచ్చింది. అడగకపోతే నెలకు 340 ఎక్కువ కట్టేవాణ్ణి.

ఫోన్‌లో అడగాల్సినవి, ఇదే వరుసలో:

1. ఫ్లాటా, తగ్గే బ్యాలెన్సా? ఏదైనా సరే ఈఎంఐ అంకె చెప్పమనండి.
2. ప్రాసెసింగ్ ఫీజు జీఎస్టీతో ఎంత? (నాకు 944)
3. వడ్డీ మీద జీఎస్టీ వేరుగా పడుతుందా? (పడుతుంది. అందుకే 1.50 కాదు, 1.77)
4. మధ్యలో ఒకేసారి కట్టేస్తే ఛార్జీ ఎంత? (మిగిలిన అసలు మీద 3 శాతం, దానిమీద జీఎస్టీ)
5. మార్చకుండా మిగిలిన బాకీ ఎప్పటిలోగా కట్టాలి?

అయిదోది ముఖ్యం. నాది 80,000 మాత్రమే మార్చారు, మిగిలిన 4,552 గడువులోగా పూర్తిగా కట్టకపోతే దాని మీద మళ్లీ పాత మిత్తే. కట్టేశా. 18 నెలలకి వడ్డీ 11,872, దానిమీద జీఎస్టీ 2,137, ఫీజు 944, మొత్తం 14,953. పాత పద్ధతిలో అది నాలుగున్నర నెలల వడ్డీ.

యాప్ లోన్ కూడా ముందే మూసేద్దామనుకుని లెక్క వేశా. ఆ 8.40లో సగం ఫీజు వల్ల వచ్చింది, అది ఎలాగూ పోయింది. మిగిలిన వాయిదాల మీద నడుస్తున్న వడ్డీ 4.40. జూలై 1నే మూసి ఉంటే క్లోజింగ్ ఛార్జీ పోను మిగిలేది 680 రూపాయలు, ఆగస్టుకి అది ఇంకా తక్కువ. దానికోసం చేతిలో పైసా లేకుండా కూర్చోవడం అనవసరం అనిపించి నడవనిచ్చాను.

ఇంతవరకు బాగుంది. 22న పెద్దమ్మ కొడుకు పెళ్లి.

చదివింపులు 1,116, షర్టు ప్యాంటు 2,190, బస్సు రానూపోనూ 720, అక్కడ చిల్లర మల్లర 824. మొత్తం 4,850. నా దగ్గర ఉన్నది 2,776. రూమ్మేట్ దగ్గర 2,100 తీసుకున్నా. అప్పు తీర్చే ప్రాజెక్టులో కొత్త అప్పు! శ్రావణమాసంలో పెళ్లిళ్లుంటాయని తెలియదా అంటే తెలుసు, బడ్జెట్‌లో గడి లేదు. నెల నెలా రానివి అన్నీ ఏడాది లెక్కన రాసి 12తో భాగించా: చదివింపులు మూడు పెళ్లిళ్లకి 3,348, పండగలకి ఊరెళ్లడం, బట్టలు 5,000, మందులు 2,000, రీచార్జ్ ఒకటి 349 (28 రోజుల ప్లాన్ కదా, ఏడాదికి 13 సార్లు పడుతుంది). 10,697. నెలకు 900 పక్కన. దీని పేరు పండగ డబ్బా. నిజం డబ్బానే, హార్లిక్స్ సీసా.

ఆగస్టు చివర మొత్తం: 2,26,006

దశ 3: సెప్టెంబర్, అక్టోబర్. చేతిఖర్చు మీద ప్రయోగాలు

*కవర్లు.* 3,000 నోట్లు తీసి నాలుగు కవర్లలో 750 చొప్పున పెట్టా. తొమ్మిది రోజుల్లో ఫెయిల్. చాయ్ బండి దగ్గర 500 నోటు ఇస్తే "స్కాన్ చేయన్నా, చిల్లర లేదు" అంటాడు. స్కాన్ చేస్తా, కవర్‌లో నోటు అలాగే ఉంటుంది, రెండు జేబుల్లోంచీ ఖర్చు.

*రెండో ఖాతా.* జీరో బ్యాలెన్స్ ఖాతా ఒకటి తెరిచి, ఫోన్‌లో యూపీఐకి అదొక్కటే లింక్ చేశా. జీతం ఖాతాని యూపీఐ నుంచే తీసేశా. ప్రతి సోమవారం 750 దానంతటదే వచ్చేలా పెట్టా. ఇది పని చేసింది. బ్యాలెన్స్ 40 చూపిస్తే కాళ్లు హోటల్ వైపు వెళ్లవు. ఒకటే లోపం, ఆ సెప్టెంబర్‌లో అయిదు సోమవారాలు. 28న గమనించి అయిదోది ఆపా. అప్పటి నుంచి వారం కాదు, తేదీలు: 1, 8, 15, 22. చివరి విడత తొమ్మిది, పది రోజులు లాగాలి, కష్టమే.

*చవక హాస్టల్.* అక్టోబర్‌లో మియాపూర్ అవతల 5,500కి దొరికితే మారాను. నెలకు 2,000 మిగులు అనుకున్నా. లెక్క:

- మిగిలింది 2,000
- అదనపు ఆటోలు, బస్సు 780
- రాత్రి సాంబార్ నీళ్లలా ఉంటే బయట గుడ్డు, కర్రీ పాయింట్ 1,460

నికరం 240 నష్టం, రోజుకి గంటన్నర అదనపు ప్రయాణం. నవంబర్ 1న పాత హాస్టల్‌కే తిరిగొచ్చా. మెయింటెనెన్స్ అని అడ్వాన్స్‌లో 500 కోసుకున్నారు. అద్దె ఒక్కటే చూసి మారొద్దు, తిండి చూడండి, వారం ముందు రాత్రి పూట వెళ్లి ఒకసారి తిని చూడండి.

అమ్మకి పంపే 4,000 తగ్గించమని షీట్ చూసిన ప్రతివాడూ అన్నాడు. తగ్గించలేదు. కారణం లెక్కలో లేదు, వదిలేయండి.

అక్టోబర్‌తో యాప్ లోన్ అయిపోయింది. అన్‌ఇన్‌స్టాల్ చేసేముందు బాకీ ఏమీ లేదనే నో డ్యూస్ లెటర్ దింపుకుని మెయిల్‌లో పెట్టుకున్నా, మీరూ అలాగే చేయండి.

సెప్టెంబర్ చివర: 2,14,576. అక్టోబర్ చివర: 2,02,326 (రూమ్మేట్‌కి ఇంకా 200 బాకీ)

దశ 4: నవంబర్. ఈఎంఐ బౌన్స్

జీతం 1వ తేదీన పడుతుంది, ఈఎంఐ 5న. దీపావళి తర్వాత ఆ నెల జీతం 6న పడింది. 5వ తేదీ పొద్దున 7:12కి మెసేజ్. నేను ప్రతి నెలా పైసా మిగల్చకుండా బాకీలకి కట్టేస్తున్నా కదా, ఖాతాలో 311 ఉంది. నా బ్యాంక్ 500, లోన్ ఇచ్చినవాళ్లు 500, రెండింటి మీదా జీఎస్టీ, మొత్తం 1,180. ఒక్క రోజు తేడాకి!

ఎంత త్వరగా కడితే అంత మంచిదన్నది నా మొండి నమ్మకం. అది తప్పు. ముందు ఒక ఈఎంఐ, వారం తిండి సరిపోయేంత పక్కన ఉండాలి. 8,000 అనుకున్నా.

ఆ నెల రెండు మంచి పనులు జరిగాయి. దీపావళి బోనస్ 12,000. అక్కడే వీధి చివర అపార్ట్‌మెంట్‌లో ఎనిమిదో తరగతి పిల్లలు ఇద్దరికి లెక్కల ట్యూషన్, వారానికి నాలుగు సాయంత్రాలు, నెలకు 3,500. ఖర్చు తగ్గించడంలో అట్టడుగుకి ఎప్పుడో చేరిపోయాను, ఇక రాబడి పెరగాల్సిందే.

వచ్చింది ఇలా సర్దాను:

1. రూమ్మేట్ 200 పూర్తి.
2. 8,000 పక్కన, చేతిఖర్చు ఖాతాలో కాదు, యూపీఐ లేని జీతం ఖాతాలో.
3. 10,000 ఊళ్లో నోటుకి.

నోటుకే ఎందుకంటే మిగిలినవాటిలో 2 రూపాయలదే ఎక్కువ. పైగా పర్సనల్ లోన్, కార్డు ఈఎంఐ ముందే కడితే ఛార్జీలున్నాయి, నోటుకి లేవు. అసలులో 10,000 కట్టినప్పుడు నోటు వెనక తేదీతో రాయించి సంతకం పెట్టించాలి. నాన్న మొహమాటపడ్డాడు, "ఆయన ఏమనుకుంటాడో" అని. రాయించాడు.

నవంబర్ చివర మొత్తం: 1,83,956

దశ 5: డిసెంబర్, జనవరి. సున్నా వడ్డీ అప్పు

డిసెంబర్‌లో ఏమీ జరగలేదు. నోటుకి 8,000. మొత్తం 1,67,664.

జనవరి 19, ఆదివారం. స్నేహితుడి ఫోన్. వాళ్ల నాన్న హాస్పిటల్లో ఉన్నాడు. "ఏమన్నా సర్దగలవా మామా" అన్నాడు. సర్దడమేంటి, అది వాడి డబ్బే. పద్నాలుగు నెలలుగా వాడు ఒక్కసారి అడగలేదు, నేను షీట్‌లో వాడి వరుసలో 0 అని రాసి అట్టడుగున పెట్టా. లెక్క ప్రకారం అది సరైనదే. ఆ రోజు ఫోన్ పట్టుకుని హాస్టల్ మెట్ల మీద కూర్చున్నప్పుడు మాత్రం ఆ సున్నాని చూడలేకపోయా.

నోటుకి కడదామని ఉంచిన 8,000, పక్కన పెట్టిన దాంట్లో 7,000. పది నిమిషాల్లో 15,000 పంపేశా. నవంబర్‌లో ఆ బౌన్స్ దెబ్బ తినకపోతే పక్కన ఏమీ ఉండేది కాదు.

షీట్‌లో మార్పు: చేబదులుకి మిత్తి గడితో పాటు "ఎప్పుడైనా అడగొచ్చు" అని ఇంకో గడి. అలాంటి అప్పుకి సమానంగా కాకపోయినా సగమైనా చేతిలో ఉంచుకోవాలి.

జనవరి చివర మొత్తం: 1,44,246

దశ 6: ఫిబ్రవరి, మార్చి. నోటు

ఫిబ్రవరి మిగులంతా పక్కన పెట్టే డబ్బు మళ్లీ 8,000 చేయడానికే పోయింది. 1,35,703.

మార్చిలో మిగులూ, పాత నెలల చిల్లరా కలిపితే 10,656. నోటు అసలు ఇంకా 12,000. గిటారు 2,800కి అమ్మేశా. కొన్నది 9,000కి, తీగల మీద నాలుగు కార్డ్స్ నేర్చుకున్నా, అందులో ఒకటి ఇప్పటికీ సరిగా మోగదు.

ఉగాదికి, 30వ తేదీన, ఊరెళ్లా. నోటు పెట్టుకున్నాయన మాకు పెదనాన్న వరస. పచ్చడి గిన్నె చేతిలో పెట్టి, "మొత్తం తెచ్చినవా? గంత తొందరేముందిరా, ఇంకో ఏడాది ఉంచుకోరాదు" అన్నాడు. నెల నెలా మిత్తి ఇంటికొచ్చి పడుతుంటే ఎవరికి మాత్రం తొందర. బీరువాలోంచి ప్లాస్టిక్ కవర్, అందులో ఇంకో కవర్, అందులో నోటు. రెవెన్యూ స్టాంపు మీద అడ్డంగా నా సంతకం, కింద సాక్షుల పేర్లు, వెనక నవంబర్ 10,000, డిసెంబర్ 8,000. దాని కింద "పూర్తిగా ముట్టినది" అని రాసి, తేదీ వేసి, సంతకం చేసి ఇచ్చాడు. నేను చింపబోతుంటే నాన్న చేయి పట్టుకున్నాడు. "చింపకు. నీ దగ్గర ఉండనీ." ఫోటో తీసుకుని మడిచి పర్సులో పెట్టా.

నోటు బాకీ తీర్చేవాళ్లకి: డబ్బు ఇచ్చి కాగితం తర్వాత తెచ్చుకుందాం అనొద్దు. ఒరిజినల్ చేతిలో పడ్డాకే లేవండి.

మార్చి చివర మొత్తం: 1,15,031

దశ 7: ఏప్రిల్. ఇప్పుడున్నది

- కార్డు ఈఎంఐ అసలు 47,077, ఇంకా పది వాయిదాలు
- పర్సనల్ లోన్ 59,153, ఇంకా పన్నెండు వాయిదాలు

మొత్తం: 1,06,230. పది నెలల్లో తగ్గింది 1,35,951

నెలకు ఇప్పుడు దాదాపు 8,700 మిగులుతోంది, చేతిలో మార్చి మిగులుతో కలిపి 10,141. కార్డు ఈఎంఐని ఈ రోజే మూసేయగలిగితే ఛార్జీ 1,667, తప్పే వడ్డీ, జీఎస్టీ 4,676, అంటే లాభం 3,009. కానీ అంత డబ్బు కూడేసరికి నాలుగు నెలలు పడుతుంది, అప్పటికి ఆ లాభం చాలావరకు కరిగిపోతుంది. కాబట్టి దాన్ని కదపను. పర్సనల్ లోన్‌కి మధ్యలో కొంత కట్టనిస్తారా, ఇస్తే ఛార్జీ ఎంత, ఎన్నిసార్లు అని రాతపూర్వకంగా మెయిల్ పెట్టా. ఫోన్‌లో ఇద్దరు రెండు రకాలుగా చెప్పారు.

వేసవి సెలవులు కదా, ట్యూషన్ పిల్లలు మే నెలంతా అమ్మమ్మ వాళ్లింటికి వెళ్తున్నారు. 3,500 తగ్గుతుంది. ఆ గడి ఇంకా ఖాళీగానే ఉంది.